పొయ్యి దగ్గర నిలిచిన సంఘ చరిత్ర
ఒంగోలు ప్రాంత క్రైస్తవ గృహములలో తరతరాల వంట: ఒక పరిశీలన

ఉపోద్ఘాతము

మన సంఘముల చరిత్ర వ్రాయవలసి వచ్చినప్పుడు మనము సాధారణముగా మూడు చోట్ల వెదకుతాము. మొదటిది బాప్తిస్మముల రిజిస్టరు. రెండవది మిషనరీలు తమ స్వదేశమునకు పంపిన ఉత్తరములు, నివేదికలు. మూడవది గుడి గోడలో అమర్చిన శిలాఫలకము. ఈ మూడింటిలోను మన తల్లుల మాట, అమ్మమ్మల మాట చాల అరుదుగా కనిపిస్తుంది. రిజిస్టరులో వారి పేరు ఉండవచ్చును. అయితే వారు ఏమి వండారు, ఏమి తినుట మానివేశారు, కరువు కాలములో పిల్లలను ఏ ఆకుతో బ్రతికించారు అను సంగతులు ఆ పుటలలో ఉండవు. అవి వంట రూపములో తల్లి నుండి కుమార్తెకు, అత్త నుండి కోడలికి అందుతూ వచ్చాయి.

ఈ వ్యాసములో ఒంగోలు ప్రాంతపు మాదిగ పల్లెలలో నుండి క్రీస్తును అంగీకరించిన కుటుంబముల వంటను ఒక చరిత్ర ఆధారముగా చదువుటకు ప్రయత్నిస్తున్నాము. మేము అటువంటి పల్లెలో పుట్టి, అటువంటి పొయ్యి దగ్గర పెరిగిన వారము. కనుక గ్రంథములలో ఉన్న దానిని, మా ఇంటిలో విన్న దానిని ప్రక్క ప్రక్కన పెట్టి చూస్తాము. మేము చెప్పదలచినది ఒక్కటే. మన పెద్దలు ఒక ఆహారమును విసర్జించి గౌరవము సంపాదించుకొన్నారు. వారి మనుమలమైన మనము వారి ఆహారమంతటిని గూర్చి సిగ్గుపడి, ఆ గౌరవము ఎట్లు వచ్చినదో మరచిపోతున్నాము.

1. పల్లె పొయ్యి మీద ఏముండేది?

మా చిన్నతనములో, అనగా 1970వ దశకములో, మా పల్లెలో వరి అన్నము పండుగ భోజనము. క్రిస్మసుకు, ఈస్టరుకు, పెండ్లికి, పాస్టరుగారు మా ఇంటికి వచ్చిన నాడు బియ్యము పొయ్యి ఎక్కేది. మిగిలిన దినములలో ఉదయము అంబలి, రాత్రికి సంకటి. మాది వర్షాధారపు నేల. జొన్న, సజ్జ, కొర్ర, వరిగ పండేవి. కూలి కూడ చాలవరకు గింజల రూపములోనే ఇంటికి వచ్చేది. కోతలైన తరువాత మా అమ్మమ్మ మమ్ములను వెంటబెట్టుకొని చేలలో పరిగె ఏరుటకు వెళ్ళేది. రూతు గ్రంథము రెండవ అధ్యాయము మాకు సండే స్కూలులో చెప్పినప్పుడు పరిగె అనగా ఏమిటో ఎవరును వివరింపనవసరము లేకపోయినది.

అమ్మమ్మ సంకటి చేయు విధము ఇది. జొన్నలను తడిపి రోటిలో దంచి, పొట్టు చెరిగేది. తిరగలిలో విసిరి, జల్లెడ పట్టి, నూకను పిండిని వేరుచేసేది. సోలెడు నూకకు నాలుగు సోలల నీళ్ళు కుండలో ఎసరు పెట్టి, ఉప్పు వేసి, నీళ్ళు మరిగిన తరువాత నూక పోసేది. నూక మెత్తబడిన తరువాత పిండిని పైన కుప్పగా పోసి, కదపకుండ కొంచెము సేపు మగ్గనిచ్చేది. అప్పుడు మంట తగ్గించి, కుండను రెండు పాదముల నడుమ గుడ్డతో అదిమిపెట్టి, ఉండ కట్టకుండ తెడ్డుతో కలిపేది. చేయి తడి చేసుకొని ముద్దలు చేసి, ముద్ద నడుమ గుంట చేసి, అందులో గోంగూర పులుసో, పప్పు ఉన్న నాడు పప్పో పోసేది. కొత్తపట్నము వైపు నుండి ఎండు చేపలు అమ్మకానికి వస్తే ఆ రోజు మాకు విందు. మిగిలిన ముద్దను రాత్రి నీళ్ళలో వేసి ఉంచితే, తెల్లవారి ఉల్లిపాయ, పచ్చిమిరపకాయతో అదే ఉదయపు ఆహారము.

ఇందులో ఏదియు వ్రాసి పెట్టబడలేదు. అమ్మమ్మకు చదువు రాదు. గిద్ద, సోల, తవ్వ, మానిక అను కొలతలు ఆమె చేతిలో ఉండేవి. నీళ్ళు చాలినవో లేదో కుండ నుండి వచ్చు శబ్దమును బట్టి చెప్పేది.

ఈ వంటలో మొదటి మెట్టును ఇంతవరకు చెప్పలేదు. గింజలు కొలిచిన వెంటనే అమ్మమ్మ వాటిలో నుండి ఒక పిడికెడు తీసి, మూలనున్న ముంతలో వేసేది. ఆదివారము ఆ ముంత గుడికి వెళ్ళేది. మన సంఘములలో దీనిని పిడికెడు బియ్యపు కానుక అంటారు. మా ఇంట బియ్యము లేవు గనుక అది పిడికెడు జొన్నలు. పల్లెలో వాక్యము చెప్పిన ఉపదేశకుని కుటుంబము ఎన్నో నెలలు ఇట్టి పిడికెళ్ళ మీదనే బ్రతికినది. ఇంటిలో గింజలు చాలని దినములలో కూడ ఆ పిడికెడు తీయుట మేము చూశాము. ఆ లోటును పిల్లల ముద్దలో కాక తన ముద్దలో చూపించేది. సారెపతు విధవరాలి సంగతి (1 రాజులు 17) ప్రసంగించునప్పుడెల్లను మాకు ఆ ముంత జ్ఞాపకము వస్తుంది. మన సంఘముల ఆర్థిక చరిత్ర వ్రాసినవారు విదేశీ నిధులను లెక్కించారు. ఈ ముంతను లెక్కించినవారు తక్కువ.

2. మూడు నియమములు, వాటిలో ఒకటి వంట కుండను గూర్చినది

తెలుగు బాప్తిస్టు సంఘముల తొలి చరిత్ర మన చదువరులలో అనేకులకు తెలిసినదే. 1836లో శామ్యూల్ డే తెలుగు దేశమునకు వచ్చి, 1840లో నెల్లూరులో పని ప్రారంభించారు. 1849లో లైమన్ జువెట్ వచ్చారు. 1854 జనవరి 1వ తేదీ ఉదయమున జువెట్ దంపతులు, మరికొందరు విశ్వాసులు ఒంగోలులోని కొండమీద ప్రార్థించారు. 1866లో జాన్ ఎవరెట్ క్లౌ ఒంగోలుకు వచ్చారు. తోళ్ళ వ్యాపారము చేసిన యెర్రగుంట్ల పేరయ్య బాప్తిస్మము పొందినది కూడ 1866లోనే. 1867లో ఒంగోలు సంఘము ఏర్పడినది. పేరయ్య సాక్ష్యము వలన సువార్త మాదిగ పల్లెలలో బంధువు నుండి బంధువుకు వ్యాపించినది.

క్లౌ జీవిత వృత్తాంతమును ఆయన భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ వ్రాయగా, అది 'సోషల్ క్రిస్టియానిటీ ఇన్ ది ఓరియంట్' అను పేరుతో 1914లో వెలువడినది. ఆ తొలి దినములలో కొత్త విశ్వాసుల ముందు ఉంచబడిన మూడు సులభమైన నియమములు అందులో చెప్పబడినవి. ఆదివారము పని చేయరాదు. చచ్చిన పశువు మాంసము తినరాదు. విగ్రహములను పూజింపరాదు.

మొదటి నియమమును గూర్చి, మూడవ నియమమును గూర్చి మన చరిత్రకారులు ఎంతో వ్రాశారు. రెండవ దానిని ఒక్క వాక్యములో దాటిపోతారు. మా దృష్టిలో ఆ రెండవ నియమమునకు అయిన ఖర్చు మిగిలిన వాటికి తక్కువ కాదు. దానిని అర్థము చేసికొనుటకు ఆనాటి గ్రామపు కట్టుబాటు తెలియవలెను.

గ్రామములో పశువు చచ్చినప్పుడు దానిని తీసివేయుట మాదిగల విధి. తోలుతో చెప్పులు, బావినుండి నీరు తోడు తోలు సంచులు, ఎద్దుల సామగ్రి చేసి రైతుకు ఇచ్చుట వారి విధి. గ్రామ దేవతల జాతరలలో డప్పు కొట్టుట వారి విధి. దీనికి ప్రతిగా కళ్ళములో కొన్ని గింజలు, చచ్చిన పశువు మాంసము వారికి దక్కేవి. అనగా ఆ మాంసము వారు కోరుకొన్న రుచి కాదు. అది కూలిలో ఒక భాగము. వానలు రాక పనులు లేని నెలలలో పిల్లలకు మాంసమనునది దొరికిన మార్గము కూడ అదే. అట్టి దానిని తినమని చెప్పినవాడు ఆకలిని ఒప్పుకొని చెప్పవలెను. గ్రామము చేత మేము తినిపింపబడు వారము కాము అని కూడ ఆ మాటతో చెప్పినట్లయినది. ఆదివారము పనికి రానివానిని, జాతరలో డప్పు కొట్టనివానిని గ్రామ పెద్దలు ఊరకే విడువలేదు. ఆ దినములలోని దెబ్బలు, పని నిరాకరణ మన పల్లెల పెద్దలు నేటికిని చెప్పుకొనుచున్న సంగతులే.

ఇక్కడ మనము గమనింపవలసిన మరియొక సంగతి ఉన్నది. బాప్తిస్మము తీసికొనుటకు నిర్ణయించినది ఇంటి యజమానుడు కావచ్చును. అయితే ఈ నియమము నిలుచుట, నిలువకపోవుట పొయ్యి దగ్గర తేలినది. ఆకలితో ఏడ్చు బిడ్డను ఒడిలో పెట్టుకొని, ఊరిలో పశువు చచ్చినదను వార్త విని కూడ కుండను ఖాళీగా ఉంచినది తల్లి. ఆమె విశ్వాస ప్రమాణము ఏ రిజిస్టరులోను నమోదు కాలేదు.

3. తునకల దండెము

ఇంతటితో మాంసము మా పల్లెలలో నుండి వెళ్ళిపోలేదు. నియమము చచ్చిన పశువును గూర్చినదే గాని మాంసమును గూర్చినది కాదు. మా చిన్ననాట కసాయి దగ్గర కొన్న పెద్దకూర మా ఇంటికి వచ్చేది. ఒక భాగమును ఆనాడు వండి, మిగిలిన దానిని అమ్మ సన్నని పొడవైన పట్టీలుగా కోసి, ఉప్పు, పసుపు పట్టించి, పెరటిలో రెండు గుంజల నడుమ కట్టిన దండెము మీద ఎండవేసేది. కాకులు రాకుండ కాపలా కాయుట పిల్లల పని. మూడు నాలుగు ఎండలకు అవి కట్టెవలె గట్టిపడేవి. వాటిని తునకలుగా చేసి కుండలో దాచి, మూతిని గుడ్డతో కట్టేది. కూర చేయు నాడు కొన్ని తునకలను నిప్పుల మీద కాల్చి, రోకలితో నలుగగొట్టి, వేడి నీళ్ళలో నానబెట్టి, గోంగూరతోనో చింతచిగురుతోనో వండేది. నూనె చాల తక్కువ. పులుపు, కారము, ఎండిన మాంసపు వాసన కలిసి ఆ కూరకు ఒక ప్రత్యేకమైన రుచి వచ్చేది. పిడికెడు తునకలతో పదిమంది సంకటి తినగలిగేవారు.

ఈ పద్ధతి ఎక్కడనుండి వచ్చినదని ఆలోచించినప్పుడు మాకు ఈ విధముగా తోచుచున్నది. పెద్ద పశువు ఒక్కసారి పల్లెకు వచ్చినప్పుడు దానిని ఆ రోజే తినలేరు, దాచుకొనవలెను. ఉప్పుతో, ఎండతో దాచు నేర్పు అట్టి అవసరములో పుట్టియుండవలెను. మన తల్లులు నియమమునకు లోబడి చచ్చిన పశువును విడిచారు. ఆ నేర్పును మాత్రము విడువలేదు. కొన్న మాంసమునకు దానినే ఉపయోగించారు. కాబట్టి ఆ దండెము మీద మన చరిత్రలోని రెండు భాగములు కలిసి ఉన్నవి: ఊరి చివర బలవంతముగా జీవించిన కాలము, ఆ బలవంతమును కాదనిన కాలము. ఈ కూరను వండుట రాని తరము వచ్చినప్పుడు ఆ రెండును కలిసి పోతాయి.

4. కరువు, కాలువ, ఒక గంజి

1876 నుండి 1878 వరకు దక్షిణ భారతదేశమును పీడించిన మహా కరువు మన సంఘ చరిత్రలో విడదీయరాని భాగము. లక్షలాది ప్రజలు మరణించారు. 1877 ప్రారంభములో ప్రభుత్వ ప్రతినిధిగా మద్రాసు రాజధానికి వచ్చిన సర్ రిచర్డ్ టెంపుల్ ఖర్చు తగ్గించుటకై సహాయ పనులలోని కూలిని కుదించారు. పురుషునికి దినమునకు ఒక పౌను గింజలు, అనగా సుమారు 450 గ్రాములు, దానితో ఒక అణా. స్త్రీలకు, పని చేయు పిల్లలకు ఇంకను తక్కువ. మద్రాసు పారిశుద్ధ్య కమిషనరుగా ఉన్న డాక్టరు కార్నిష్ దీనిని ఎదిరించి, మట్టి మోయు మనుష్యునికి కనీసము ఒకటిన్నర పౌనుల గింజలు, వాటితోపాటు కూరగాయలు, పప్పు అవసరమని వాదించారు. కొన్ని నెలలకు ప్రభుత్వము ఒకటింబావు పౌనుకు, కొద్దిపాటి పప్పుకు ఒప్పుకొన్నది. అప్పటికి చాల ఆలస్యమైనది.

ఈ కరువులోనే బకింగ్‌హాం కాలువ త్రవ్వకము సహాయ పనిగా జరిగినది. దానిలో కొన్ని మైళ్ళ పనిని క్లౌ కాంట్రాక్టుగా తీసికొని, తన ఉపదేశకులను మేస్త్రీలుగా నియమించి, వేలాదిమందికి పని కల్పించారు. పని జరిగినంత కాలము, ఏడాదికి పైగా, బాప్తిస్మము ఇచ్చుటను ఆయన నిలిపివేశారు. గింజల కొరకు క్రీస్తును ఒప్పుకొన్నారను మాట రాకూడదని ఆయన ఉద్దేశ్యము. తరువాత 1878 జూలైలో, ఒంగోలుకు ఉత్తరమున వెల్లంపల్లి వద్ద గుండ్లకమ్మ నదిలో, 2వ తేదీన 614 మంది, 3వ తేదీన 2,222 మంది, 4వ తేదీన 700 మంది, మొత్తము మూడు దినములలో 3,536 మంది బాప్తిస్మము పొందారు. ఈ సంఖ్యలను మనమందరము కంఠస్థము చేసి పరీక్షలలో వ్రాసినవారమే.

మా ఇంటిలో ఈ చరిత్ర సంఖ్యలుగా కాక ఒక గంజిగా చెప్పబడేది. మా అమ్మమ్మకు నాయనమ్మ చిన్న వయస్సులో ఆ కాలువ మట్టి మోసినది. సాయంత్రము దొరికిన గింజలను రెండు రాళ్ళ నడుమ నలుగగొట్టి, నీళ్ళు ఎక్కువ, నూక తక్కువగా మరిగించి, దొరికిన ఆకులన్నియు అందులో వేసేవారట. చెంచలికూర, పొనగంటికూర, అడవి తోటకూర, గురుగాకు. గింజలు లేని దినములలో చింతగింజలను వేయించి, నానబెట్టి, పైతోలు తీసి దంచి ఆ పిండిని కలిపేవారట. మా ఇంటిలో దాని పేరు కాలువ గంజి.

అమ్మమ్మ దానిని సంవత్సరమునకు ఒక్కసారి, శుభ శుక్రవారము నాడు కాచేది. మూడు గంటల ఆరాధన ముగించుకొని ఉపవాసముతో ఇంటికి వచ్చిన మాకు అందరికి తలా ఒక గిన్నె. పప్పు లేదు, తాలింపు లేదు. ఉప్పు, కొంచెము చింతపండు, ఆకులు, అడుగున నాలుగు నూకలు. ప్రతి సంవత్సరము పిల్లలలో ఎవరో ఒకరము, ఈరోజు ఎందుకమ్మమ్మా ఈ గంజి అని అడిగేవారము. అప్పుడు ఆమె కాలువ సంగతి చెప్పి, చివరకు ఏటి సంగతి చెప్పేది. నిర్గమకాండము 12వ అధ్యాయములో పస్కా ఆచారమును గూర్చి పిల్లలు అడుగుదురనియు, అప్పుడు తండ్రులు జవాబు చెప్పవలెననియు ప్రభువు మోషేతో సెలవిచ్చిన సంగతి మనకు తెలుసు. ఆ అధ్యాయములోనే పొంగని రొట్టెలు, చేదు కూరలు ఉన్నవి. మా అమ్మమ్మ ఆ అధ్యాయమును చదువలేదు. ఆమె దానిని ఆచరించినది.

5. వాక్యపు వెలుగులో రెండు సంగతులు

మొదటిది, ద్వితీయోపదేశకాండము 14:21. తానుగా చచ్చిన దానిని ఇశ్రాయేలీయులు తినకూడదని ఆ వచనము నిషేధించుచున్నది. అయితే వారి గ్రామములలో నివసించు పరదేశికి దానిని ఇయ్యవచ్చునని కూడ అందులో ఉన్నది. ఈ రెండవ భాగమును మనము ప్రసంగించుట అరుదు. ఊరివారు తినరానిది ఊరి అంచున ఉన్నవానికి ఇయ్యబడును. మన పూర్వికులు ఏ స్థలములో నిలువబెట్టబడ్డారో ఆ వచనము చదివిన మాదిగ పల్లె బిడ్డకు వెంటనే తెలుస్తుంది. పేతురు తన మొదటి పత్రిక 2:10లో ఒకప్పుడు ప్రజగా ఎంచబడనివారు ఇప్పుడు దేవుని ప్రజ అయ్యారని వ్రాశాడు. ఆ మాటకు మన పల్లెలలోని తొలి భాష్యము తల్లులు చేసినది: పరదేశికి ఇయ్యబడు దానిని వారు ఇక పుచ్చుకొనలేదు. కాబట్టి ఆ నియమమును అపవిత్రతను గూర్చిన నియమముగా మాత్రమే బోధించుట చాలదు. అది స్థానము మారుటను గూర్చిన నియమము.

రెండవది, 2 రాజులు 4:38-41. గిల్గాలులో కరువు ఉన్నప్పుడు ఒకడు పొలములోనికి వెళ్ళి, తెలియని తీగ కాయలను కోసి తెచ్చి కుండలో వేయగా, తిన్నవారు కుండలో మరణమున్నదని కేకలు వేశారు. ఎలీషా పిండి తెప్పించి కుండలో వేసి దానిని బాగుచేశాడు. కరువులో ఏ ఆకు తినదగినది, ఏ కాయ చంపునది అను జ్ఞానము ఎంత విలువైనదో ఆ వృత్తాంతము చూపుచున్నది. 1877లో మన అవ్వలకు ఆ జ్ఞానము ఉన్నది గనుకనే 1878లో గుండ్లకమ్మ ఒడ్డున నిలుచుటకు వారి పిల్లలు మిగిలారు. నేడు మన సంఘములోని యౌవనస్థులకు ఆ ఆకులను చూపిస్తే ఎందరు పేరు చెప్పగలరు?

6. వరి అన్నము వచ్చినది, సిగ్గు కూడ వచ్చినది

1967లో నాగార్జునసాగర్ కాలువలకు నీరు విడుదలయినది. క్రమముగా మా జిల్లాలోని కొన్ని మెట్ట పొలములు మాగాణి అయినవి. 1983లో రాష్ట్ర ప్రభుత్వము కిలో రెండు రూపాయల బియ్యపు పథకమును ప్రారంభించినది. మా పల్లెలో ప్రతి రాత్రి వరి అన్నము వండుట అప్పటినుండియే సాధ్యమైనది. ఇది దేవుని మేలు అని మేము నేటికిని ఒప్పుకొంటాము. తిరగలి త్రిప్పి త్రిప్పి కాయలు కాచిన చేతులు చూసినవారము గనుక, ఆ తిరగలి మూలకు పోయినందుకు దుఃఖింపము.

కాని అన్నముతోపాటు ఒక తలంపు కూడ మనలో ప్రవేశించినది. సంకటి పేదవాని తిండి. తునకలు వెనుకటి పల్లె తిండి. చదువుకొన్నవారు, ముఖ్యముగా దైవసేవకులు, వాటిని మాటలాడరాదు. చచ్చిన పశువును గూర్చిన నియమము ఈ విధముగా నెమ్మదిగా విస్తరించి, మన తల్లుల కుండలో ఉన్న ప్రతిదాని మీదను నీడ వేసినది. దీనిని ఏ మిషనరీయు మనకు ఆజ్ఞాపించలేదు. మనమే చేసికొన్నాము.

ఇందులో మా పాలు ఏమిటో చెప్పకుండ ఈ వ్యాసము ముగించుట న్యాయము కాదు. మేము వేదాంత విద్యార్థిగా ఉన్న దినములలో, మీ ఇంటిలో ఏమి తింటారని తోటి విద్యార్థులు అడిగితే అన్నము, పప్పు అని మాత్రమే చెప్పేవారము. తరువాత కాపరిగా నియమింపబడి, మా తల్లిని మా యొద్దనే ఉంచుకొన్నాము. ఒకసారి పట్టణము నుండి కొందరు పెద్దలు మా ఇంటికి భోజనమునకు వచ్చుచున్నారు. పెరటిలో దండెము మీద తునకలు ఎండుచున్నవి. వారు చూస్తే బాగుండదు, తీసివేయమ్మా అని మేము అన్నాము. అమ్మ మా ముఖము వైపు ఒకసారి చూసి, "అట్టాగే నాయనా" అని దండెము విప్పినది. సగము ఎండిన ఆ ముక్కలు పాడైపోయినవి. ఆ తరువాత ఆమె మా ఇంటిలో ఎన్నడును దండెము కట్టలేదు. మేమును అడుగలేదు.

అమ్మ ప్రభువునందు నిద్రించిన తరువాత కొన్ని సంవత్సరములకు మా కుమార్తె, నాయనమ్మ తునకల కూర ఎట్లు చేసేదని అడిగినది. మాకు వాసన జ్ఞాపకమున్నది, విధానము సగమే జ్ఞాపకమున్నది. కాల్చిన తరువాత నానబెట్టుటయా, నానబెట్టిన తరువాత కాల్చుటయా అని తెలియక మా అక్కగారికి ఫోను చేశాము. పైన వ్రాసిన విధానము ఆమె చెప్పినదే. అక్కగారు చెప్పుచు చెప్పుచు, "అమ్మ ఇందులో ఇంకొకటి ఏదో వేసేది తమ్ముడూ, నాకు గుర్తు రావటం లేదు" అన్నారు. ఆ ఒక్కటి ఏమిటో చెప్పగలవారు ఇప్పుడు మా కుటుంబములో ఎవరును లేరు.

7. కాపరులు చేయగల పని

ఐక్యరాజ్యసమితి 2023వ సంవత్సరమును అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరముగా ప్రకటించినది. పట్టణములలో కొర్రలు, సజ్జలు అందమైన పొట్లాలలో బియ్యముకంటె ఎక్కువ ధరకు అమ్ముడగుచున్నవి. మనము సిగ్గుపడి విడిచిన దానిని లోకము ఆరోగ్యమని కొనుచున్నది. మరియొక ప్రక్క, దళితుల ఆహార జ్ఞాపకములను చరిత్రగా సేకరించు పని మహారాష్ట్రలో జరిగినది. పుణె విశ్వవిద్యాలయములో షర్మిలా రేగే, ఆమె సహచరులు 2009లో అట్టి జ్ఞాపకములను, వంటలను పుస్తకముగా తెచ్చారు. షాహూ పాటోళే మరాఠ్వాడా దళితుల వంటలను గూర్చి 2015లో మరాఠీలో వ్రాశారు. తెలుగు సంఘములకు ఆ పని మరింత సులభము కావలెను. మన తల్లులు ప్రతి ఆదివారము మన ఎదుటనే కూర్చుంటారు.

కాబట్టి పాస్టరులకు, వేదాంత విద్యార్థులకు మేము మూడు సలహాలు మనవి చేస్తున్నాము.

మొదటిది, గృహ దర్శనమునకు వెళ్ళినప్పుడు వృద్ధులైన తల్లులను ప్రార్థన మనవి మాత్రమే అడుగక, మీ అత్తగారు ఏమి వండేవారు, ఏది వండుట మానివేశారు, ఎందుకు మానివేశారు అని అడుగుడి. వారి కొలతలలోనే, వారి మాటలలోనే వ్రాసికొనుడి. సోలను గ్రాములలోనికి మార్చుట తరువాత చేయవచ్చును.

రెండవది, సంఘములు శతజయంతి సంచికలు ప్రచురించునప్పుడు కాపరుల ఫోటోలు, కమిటీ సభ్యుల పేర్ల తరువాత కొన్ని పుటలు ఈ వంటలకు, పిడికెడు గింజల ముంతకు కేటాయింపవలెను.

మూడవది, బోధలో ఒక జాగ్రత్త. చచ్చిన పశువు మాంసమును మన పెద్దలు మానిన సంగతిని చెప్పునప్పుడు, వారు మురికివారు గనుక శుభ్రపడ్డారని చెప్పకూడదు. వారి మీద మోపబడిన ఒక కట్టుబాటును విశ్వాసముచేత కాదన్నారని చెప్పవలెను. ఈ రెండు మాటలకు నడుమ ఒక తరము తలవంచుకొనుట, తలయెత్తుకొనుట అంత భేదమున్నది.

ముగింపు

పునరుత్థానుడైన ప్రభువు తిబెరియ సముద్రపు ఒడ్డున శిష్యులకు వేదాంతము బోధించుటకు ముందు నిప్పులు చేసి, చేపలు కాల్చి, భోజనము పెట్టాడు (యోహాను 21). తన్ను జ్ఞాపకము చేసికొనుటకు కూడ ఆయన మనకు ఒక బల్లను ఇచ్చాడు. భోజనము ద్వారా జ్ఞాపకము నిలుచునని ఆయన శిష్యులమైన మనకు వేరుగా రుజువు చేయనవసరము లేదు.

గత సంవత్సరము శుభ శుక్రవారము నాడు మా ఇంటిలో మరల కాలువ గంజి కాచాము. పొనగంటికూర దొరికినది, గురుగాకు ఎక్కడ దొరుకునో మాకు తెలియలేదు. మా సంఘములోని ఒక వృద్ధురాలు, చెరువు గట్టు మీద చూడండి అయ్యగారూ అని చెప్పి, తానే వచ్చి చూపించినది. మా మనుమడు గిన్నెలోనికి చూసి, ఇదేమిటి తాతా, ఇందులో ఏమీ లేదు అన్నాడు. మేము గిన్నె ప్రక్కన పెట్టి, 1877వ సంవత్సరము నుండి చెప్పుట మొదలుపెట్టాము.